కంచెలో గొడుగు జంతువు

గడ్డి మైదానాన్ని కాపాడేది వాన అనుకునే అమాయకులు ఇంకా మన మధ్య ఉన్నారు. గొర్రెలూ జింకలూ కాపాడతాయి అనేంత దూరం వెళ్ళేవాళ్ళూ లేకపోలేదు. కాదండీ! మైదానాన్ని కాపాడేది కంచె. ఇనప కంచె, దానికి తగిలించిన బోర్డు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ముప్పై ఏళ్ళు కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబులో సీసాల మీద చీటీలు అంటించినవాణ్ణి. చీటీ లేని సీసాలో ఏమున్నా లేనట్టే!

మా వీధి ఆగిపోయిన చోట మొదలై కనుచూపు మేర ఒక మైదానం ఉంది. మూడేళ్ళ కిందటిదాకా దాని పరిస్థితి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎవరి ఇష్టం వారిది! తెల్లవారితే చాలు, బుల్లి పిట్టలు నేల మీంచి నిట్టనిలువుగా లేచి గాల్లో నిలబడి పాడేవి. కుందేళ్ళు ముందూ వెనకా చూడకుండా కాళ్ళకు అడ్డం పడేవి. జింకలు వచ్చి గొర్రెల పక్కనే మేసేవి. గొర్రెల పెంటికల్ని పురుగులు భూమిలోకి దొర్లించుకుపోతే, ఆ పురుగుల్ని పిట్టలు ఏరుకు తినేవి. ఒక రిజిస్టరు లేదు, ఒక సంతకం లేదు.

ఇంత అరాచకానికీ మూలపురుషుడు మా బావమరిది. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. రెండువందల గొర్రెల ఆసామి. నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేస్తే మంద మొత్తం పక్కకు తిరిగేది. అందుకే ఊళ్ళో అందరికీ ఈలాయన.

వాడి పద్ధతులు వింటే చదువుకున్నవాళ్ళకు నవ్వొస్తుంది. ఎదురుగా పచ్చగడ్డి కనిపిస్తున్నా మందను వేరే వైపు తోలేవాడు. ఎందుకురా అంటే, "పోయిన నెలే మేసింది కదా బావా, దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ" అనేవాడు. భూమికి ఊపిరేమిటండీ? పిట్ట గూడు కంటబడితే పక్కన పుల్ల పాతి, దానికి ఎర్ర గుడ్డపీలిక కట్టి, పిల్లలు ఎగిరిపోయేదాకా మందను అటు వెళ్ళనిచ్చేవాడు కాదు. ఏడాదికి ఒకటో రెండో గొర్రెల్ని తోడేలు ఎత్తుకుపోతే పోలీసు రిపోర్టయినా ఇవ్వలేదు. "దానికీ పిల్లలున్నాయి బావా. అయినా దాని భయం ఉండబట్టే ఇవి ఒకచోట చతికిలబడకుండా కదుల్తున్నాయి" అన్నాడు. చూశారా, శత్రువుతో లాలూచీ!

అదిగో, అలాంటి సమయంలో జీవవైవిధ్య పునరుద్ధరణ పథకం వచ్చి మమ్మల్ని ఆదుకుంది.

చుట్టూ కంచె కట్టారు. గొర్రెలకు ప్రవేశం లేదు, మనుషులకు అసలే లేదు. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టి దాని మీద జిరాఫీ బొమ్మ వేశారు. మా మైదానంలో ఏనాడూ జిరాఫీ లేదు. అయితేనేం? లేనిదాన్ని తీసుకురావడమే కదా పునరుద్ధరణంటే!

ఇక లాభాల సంగతి. మొదటి ఏడాది గడ్డి నడుము ఎత్తుకు లేచింది. అధికారులు వచ్చి అందులో మెడవరకూ కూర్చుని ఫొటోలు దిగారు. రెండో ఏడాదికి ఆ గడ్డే ఎండి, వాలి, చాపలా పరుచుకుంది. కింద కొత్త మొలకకు ఎండ తగలదు. మొలకలకు వడదెబ్బ తప్పింది! ఆ గుబురులో ఎవరు ఎటునుంచి వస్తున్నారో కనబడక జింకలు వలసపోయాయి. ఇప్పుడు జింకల్ని వేటాడే నేరం మా దగ్గర ఒక్కటంటే ఒక్కటి కూడా జరగడం లేదు. బోసినేల మీద గూడు కట్టే పిట్టలకు బోసినేల దొరకలేదు. పొద్దున్నే వాటి పాటతో నాకు నిద్రాభంగం తప్పింది. ఎక్కణ్ణుంచో ముళ్ళకంప వచ్చి పాతుకుంది. అదీ పచ్చగానే ఉంటుంది కదా, లెక్కలోకి వచ్చింది.

నాకు వ్యక్తిగతంగా జరిగిన మేలు ఇంకోటుంది. కంచె బయట సిమెంటు బెంచీ వేశారు. మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. పొద్దున్నే నడిచొచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటే వీపుకు ఎండ తగులుతుంది. ఇద్దరికి సరిపోయే బెంచీ. పక్కన గొడుగు పెట్టుకుంటాను.

ఆ గొడుగు వల్లే నాకో పెద్ద గౌరవం కూడా దక్కింది. ఎలాగంటారా?

కంచె కట్టేటప్పుడు ఉత్తరం మూల తీగ చాలలేదు. కాంట్రాక్టరు బుర్ర ఉన్నవాడు. మూల దాకా వెళ్ళకుండా ఏటవాలుగా కోసేసి కంచె ముగించేశాడు. మ్యాపులో ఆ ఇరవై ఎకరాలు కంచె లోపల ఉన్నాయి, నేల మీద బయట ఉన్నాయి. జంతువుల్ని లెక్కపెట్టే కెమెరా ఒకటి మ్యాపు చూసి అక్కడే కట్టారు. నేను రోజూ పొద్దున్నే మంచులో గొడుగు వేసుకుని ఆ మూలనుంచే బెంచీ దగ్గరికి వస్తాను. ఆ ఫొటోల్ని కంప్యూటరు పరిశీలించి తేల్చింది: "పెద్ద క్షీరదం. రెండు కాళ్ళు. తల నల్లగా, గుండ్రంగా ఉండును. ఒంటరిగా సంచరించును. అరుదైనది. భంగం కలిగించరాదు."

డెబ్భై ఏళ్ళ జీవితంలో నన్ను అరుదైనవాడని ఎవరైనా అన్నారా? మా ఆవిడ అనేది, కానీ ఆ స్వరం వేరు.

ఇలా హాయిగా సాగిపోతుండగా మూడో ఏడాది పరిశీలనకు వచ్చారు. టాబ్లెట్టులో మ్యాపునే నమ్ముకుని వారం రోజులు మైదానమంతా తిరిగిన ఆఫీసరమ్మాయి చివరికి ఎగిరి గంతేసింది. కంచెలో ఎక్కడ చూసినా పది, పదకొండు రకాల జీవాలకు మించి లేవు. ఉత్తరం మూలలో మాత్రం నలభై మూడు! పిట్టలు, కుందేళ్ళు, పేడపురుగులు, పొట్టి గడ్డిలో రకరకాల పూలు, రెండు జింకలు, నేను.

"ఇదీ కంచె మహిమంటే!" అన్నాడట ఫోన్లో ఆమె పైన ఉండే పెద్దసారు. ఇంత గొప్ప ఫలితాలు ఇచ్చిన మూలకు రెండు వరసల కంచె వేయాలని అప్పటికప్పుడు ఆర్డరు వేశాడు. పని మంగళవారం మొదలు.

ఆ మూలలో కంచె లేదనీ, మా బావమరిదికి మిగిలిన అరవై గొర్రెలూ మూడేళ్ళుగా మేస్తున్నది అక్కడేననీ పెద్దసారుకు తెలియదు. తెలుసుకోవాలంటే అక్కడికి రావాలి. వస్తే బూట్లు పాడవుతాయి.

ఆ సాయంత్రం మా బావమరిది వచ్చి బెంచీ మీద నా పక్కన కూలబడ్డాడు.

"సోమవారం లారీ వస్తుంది బావా."

"దేనికిరా?"

"గొర్రెలు లారీ ఎందుకెక్కుతాయి బావా, విహారయాత్రకా? ఆ మూల కూడా పోయాక వాటికి నేనేం పెట్టను, నీ బోర్డు మీద జిరాఫీనా?"

"కంచె పదిమంది మేలు కోసంరా. పెద్ద మనసుతో ఆలోచించు."

"నీకేం, ఎన్నైనా చెబుతావు. నిన్ను జంతువుల్లో రాసుకున్నారు. నన్ను మనుషుల్లో కూడా రాసుకోలేదు."

కంచెను పొగుడుదామని నోరు తెరిచి, ఆవులించినట్టు మూసుకున్నాను.

మర్నాడు ఆఫీసరమ్మాయి మా ఇంటికే వచ్చింది. "కంచె రాకముందు ఇక్కడ ఏమీ ఉండేది కాదని పాతకాలం ఆధారం ఏదైనా దొరికితే రిపోర్టుకు బలం వస్తుంది మాస్టారూ" అంది.

కంచె భక్తుణ్ణి కదా, ఆధారం అడిగితే ఇవ్వనా? మా ఆవిడ గోడ క్యాలెండర్లు పంతొమ్మిదింటిని అటక మీంచి దించి వంటింట్లో గచ్చు మీద పరిచాను. ఆవిడకు తోచింది ఏదైనా తారీఖు గడిలో రాసుకోవడం అలవాటు. ఆ అమ్మాయి మఠం వేసుకుని కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

"తమ్ముడి మంద ఉత్తరం మూల దాటింది. కుక్కరు రబ్బరు మార్చాలి." పద్దెనిమిది గడుల తర్వాత: "ఉత్తరం మూల పిట్టలు గూళ్ళు కట్టాయి. ఈయనకు జలుబు." మరో ఏడాది: "తమ్ముడు తూర్పు వైపు రెండు నెలలు వదిలేశాడు. అక్కడ ఊదా పూలు. జింకలు ఏడు." ఇంకో ఏడాది: "తమ్ముడికి జ్వరం, మంద కదల్లేదు. గడ్డి ముదిరింది. పిట్టలు రాలేదు. కాకరపాదుకు పందిరి."

పన్నెండో క్యాలెండరు దగ్గర ఆ అమ్మాయి టాబ్లెట్టు పక్కన పెట్టేసింది.

"మాస్టారూ, ఎవరీ తమ్ముడు?"

"అరుగు మీద టీ తాగుతున్నాడమ్మా."

ఆ అమ్మాయి లేచి వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. ఎర్రపీలికల పుల్ల దగ్గర మొదలుపెట్టి తోడేలు దాకా వాడు చెబుతూనే ఉన్నాడు. ఆమె రాసుకుంటూనే ఉంది. టీ చల్లారిపోయింది. ఇద్దరూ తాగారు.

ఆ అమ్మాయి రాసి పంపినదానికి ఆదివారం సాయంత్రానికి పైనుంచి నిర్ణయం వచ్చింది. పెద్దసారు మంచివాడే. గొర్రెలను కంచెలోకి అనుమతించడం కుదరదన్నాడు, కానీ "మేత నిర్వహణ యూనిట్ల"ను అనుమతించవచ్చట. అరవై గొర్రెల చెవులకూ పసుపు బిళ్ళలు కుట్టారు. ఒక నెల గడువు. ఫలితం కనిపిస్తే ఉంటాయి, లేకపోతే లారీ. ఉత్తరం మూల కంచె కూడా పూర్తిచేశారు. అరుదైన జంతువు రాకపోకలకని అక్కడ ఒక గొడుగు పట్టేంత సందు మాత్రం వదిలారు.

షరతు ఒక్కటే. లోపల మనుషుల జోక్యం ఉండకూడదు. యూనిట్లు లోపలికి, కాపరి బయట!

మొదటిరోజు గేటు తీశారు. యూనిట్లు లోపలికి వెళ్ళాయి. ఇటు తిరిగాయి. కంచె పొడుగునా బారులు తీరి, తీగల సందుల్లోంచి మా బావమరిది మొహం చూస్తూ అరవడం మొదలుపెట్టాయి. నాలుగు రోజులు అదే వరస. కంచె పక్కన మూడడుగుల మేర నున్నగా గొరిగాయి. మిగతా మైదానం చాపలాగే ఉంది.

"పొండే! లోపలికి పొండి! నా మొహంలో గడ్డి ఉందా?" అని వాడు అరిచేవాడు. అవి ఇంకా దగ్గరికి వచ్చేవి.

ఐదో రోజు పొద్దున నేను ఇంట్లో తలుపు వెనక మేకు దగ్గర కాసేపు నిలబడ్డాను. నాలుగేళ్ళుగా అక్కడ వేలాడుతున్న గొడుగు తీసి దుమ్ము దులిపాను. తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను.

"అక్క గొడుగు కదా బావా ఇది?"

"వేసుకో. తల బాగా కిందికి దించు. సందులోంచి వెళ్ళేటప్పుడు కెమెరా వైపు చూడకు."

వాడు లోపలికి వెళ్ళాడు. గడ్డిలో నల్లగా, గుండ్రంగా సాగిపోయాడు. మైదానం నడుమ ఎక్కడినుంచో ఒక ఈల వినిపించింది. అరవై తలలూ ఒక్కసారి అటు తిరిగాయి.

నెల తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. ఆఫీసరమ్మాయే తెచ్చి బెంచీ మీద నా చేతిలో పెట్టింది. చదివి తలెత్తితే ఆమె నవ్వాపుకుంటోంది.

"ఫొటోలు బాగా చూశావా తల్లీ?" అన్నాను భయంగా.

"చూశాను మాస్టారూ. జంతువని కంప్యూటరు చెప్పాక కాదనడానికి నేనెవర్ని?"

చదువరులారా, కంచె గొప్పతనానికి ఇంకా రుజువు కావాలా? తెలిసిన మనిషి ఆ నేల మీద కాలు పెట్టాలంటే ముందు జంతువు కావాలి. అంత చక్కటి ఏర్పాటు! గొర్రెలకు మరో ఏడాది అనుమతి ఇచ్చారు. పిట్టలు మళ్ళీ నా నిద్ర పాడు చేస్తున్నాయి. రిపోర్టు చివరి పేజీలో మా జాతి గురించి రెండు వాక్యాలున్నాయి. రోజూ బెంచీ మీద వాటిని మా బావమరిదికి చదివి వినిపిస్తున్నాను:

"ఇంతకాలం ఒంటరిగా సంచరించిన గుర్తు తెలియని క్షీరదానికి ఇప్పుడు తోడు దొరికినట్టు కనబడుచున్నది. రెండవది ఈల వేయును."