కడుపు మీదుగా కబురు

మీ ఇంట్లో ఒకరికొకరికి పడటం లేదా? పెద్దమనుషుల్ని పిలవకండి. కౌన్సెలింగ్ సెంటర్ల చుట్టూ తిరగకండి. ఎనిమిది నెలలు నిండిన కడుపునొకదాన్ని తెచ్చి, హాల్లో సోఫా మధ్యలో కూర్చోబెట్టండి. నెల తిరిగేసరికి ఇల్లు స్వర్గం కాకపోతే నన్నడగండి!

అనుభవం మీద చెబుతున్నాను. ప్రస్తుతం మా సోఫా మధ్యలో కూర్చున్న కడుపు నాదే.

లోపలి మనిషికి ఇప్పుడు మన మాటలు వినబడతాయనీ, ఇంట్లో అందరూ పలకరిస్తూ ఉండాలనీ మా డాక్టరమ్మ రెండు నెలల కిందట చెప్పింది. మంచి మాటే. ఆ రోజు నుంచే మావాళ్లు పలకరింపులు మొదలుపెట్టారు. మొదలుపెట్టిన రోజే నన్ను పలకరించడం మానేశారు. గిట్టనివాళ్లు దీన్ని లోపమంటారు. నేను సౌకర్యమంటాను. నలుగురి మధ్యలో కూర్చుని కూడా ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని యోగం ఎంతమందికి పడుతుంది?

మొదట్లో నేనూ పొరపాటు పడ్డాను. ఆ డాక్టరమ్మే నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద చల్లటి జెల్ రాసి, "ఎలా ఉన్నావు బంగారం?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏం చెప్పమంటారు డాక్టర్ గారూ, ఒకటే నడుము నొప్పి, పక్కకి తిరిగి పడుకుంటే కాళ్లు తిమ్మిర్లు..." అని మొదలుపెట్టాను. ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండా, "మిమ్మల్ని కాదమ్మా" అంది. నర్సు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది.

అప్పట్నుంచి బంగారం, బుజ్జి, చిట్టితల్లి, చిన్నదొర లాంటి పిలుపులు వినబడితే నేను తల కూడా తిప్పను. అవి నాకొచ్చే ఉత్తరాలు కావు. నేను గేటుకున్న డబ్బాని మాత్రమే.

నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దం వేయించుకునేవాళ్లకి ఫ్రేము తగిలించి, "నా కళ్లలోకి సూటిగా చూడండి" అని, కంటిపాప ఉన్నచోట అద్దం మీద పెన్నుతో చుక్క పెట్టాలి. ఆ చుక్కని బట్టే చదువుకునే భాగం ఎక్కడుండాలో నిర్ణయిస్తారు. పదేళ్లుగా ఈ చుట్టుపక్కల వీధుల్లో సగం మంది నా కళ్లలోకి చూశాకే లోకాన్ని సరిగ్గా చూశారు. ఇప్పుడు ఏ ఒక్కరి చూపూ నా మెడ దాటి పైకి రావడం లేదు.

మొన్నామధ్య ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు వచ్చారు. నేను చుక్క పెడుతున్నంతసేపూ కిందికే చూస్తూ, "ఏమండీ చిన్నదొర గారూ, లోపల ఉక్కగా ఉందా?" అని అడుగుతూ కూర్చున్నారు. చుక్క కాస్తా కిందికి దిగింది. వారం తిరక్కుండా కొత్త జోడు చేత్తో పట్టుకుని వచ్చేశారు. పేపరు చదవాలంటే ముఖం ఫ్యాను వైపు పెట్టాల్సి వస్తోందట.

ఇక ఓనరు నాకు చీవాట్లు పెడతారనే అనుకున్నాను. ఆయన కౌంటరు మీంచి ముందుకు వంగి, నా కడుపుతో, "మీ అమ్మకి చెప్పు నాన్నా, కాస్త పని మీద ధ్యాస పెట్టమని" అన్నారు. చూశారా ఎంత మర్యాదో! కడుపే లేకపోతే ఆ మాట నేరుగా వచ్చి నా ముఖాన పడేది.

మా పై వాటాలో ఒక లెక్కల టీచరు గారున్నారు. బడి నుంచి రాగానే మా ఇంటికొచ్చి, నా కడుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని ఎక్కాలు చెబుతారు. పునాది గట్టిగా పడాలంటే ఇదే వయసట. ఏడో ఎక్కం దగ్గర లోపలి మనిషి ఒక్క తన్ను తన్నితే, "చూశావా, పట్టేశాడు" అని మురిసిపోయారు. ఆ తన్ను నా డొక్కలో తగిలింది కాబట్టి అది అభినందనో అభ్యంతరమో నాకు తెలుసు. కానీ నల్లబల్లని ఎవరైనా అభిప్రాయం అడుగుతారా?

ఇవన్నీ చిన్న చిన్న లాభాలు. అసలు అద్భుతం మా ఇంట్లో జరిగింది.

మా మామయ్య ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. మా ఆయన నాలుగు నెలల కిందట కారు కొన్నాడు. కొన్న రోజే మామయ్య పక్కసీట్లో కూర్చుని, "క్లచ్ మీంచి కాలు తియ్యరా", "హారన్ ఎందుకురా, బ్రేకుంది కదా" అంటూ పది నిమిషాల్లో పాతిక సలహాలిచ్చారు. మా ఆయన సిగ్నల్ దగ్గర స్టీరింగ్ వదిలేసి, "అయితే మీరే నడుపుకోండి" అన్నాడు. మామయ్య డోరు తీసుకుని దిగి, మూడు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చారు.

అంతే, తండ్రీకొడుకులకి మాటల్లేవు. ఒకరు హాల్లోకొస్తే ఒకరు గదిలోకి పోయేవారు. అత్తయ్య ఏడ్చింది. ఆడపడుచు ఫోన్లో గంటలు గంటలు నచ్చజెప్పింది. ఇద్దరిలో ఒక్కరూ మెట్టు దిగలేదు.

అలాంటిది ఒక ఆదివారం పొద్దున మామయ్య వచ్చి సోఫాలో నాకు ఎడమపక్క కూర్చున్నారు. పేపరు చూస్తున్నట్టే చూస్తూ నా కడుపుతో అన్నారు: "బుజ్జీ, మీ నాన్నకి చెప్పు. బండి వెనక టైర్లలో గాలి తగ్గింది. రేపో మాపో ఆస్పత్రికి వెళ్లాల్సిన బండి."

మా ఆయన గదిలోంచి వచ్చి నాకు కుడిపక్క కూర్చున్నాడు. "బుజ్జీ, తాతయ్యకి చెప్పు. గాలి నిన్ననే కొట్టించాను."

"ఎంత కొట్టించాడో అడుగు."

"ముప్ఫై రెండు అని చెప్పు."

"పర్వాలేదను."

నేను మంచినీళ్లకని లేవబోయాను. ఇద్దరూ ఒకేసారి చెయ్యి అడ్డం పెట్టారు. నేను లేస్తే లైను కట్టయిపోదూ? అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, "మీ అమ్మని తాగమను" అని కడుపుకి చెప్పింది.

ఆ తర్వాత మూడు వారాలు రోజూ నా మీదుగా చర్చలు. టైర్లయ్యాయి, బ్రేకులయ్యాయి, చివరికి ఆస్పత్రి దారి దగ్గరికొచ్చారు. వంతెన మీదుగా పోతే దగ్గరని మా ఆయన. వంతెన మీద అతుకు అతుక్కీ బండి ఎగిరిపడుతుంది, చుట్టయినా బైపాసే మేలని మామయ్య. ఎగిరిపడబోయే మనిషిని ఒక్క మాట అడగొచ్చు కదా అని మీకనిపిస్తుందేమో. ప్రయాణికుల్ని అడిగి బస్సు నడిపినవాళ్లెవరైనా ఉన్నారా?

నిన్న సాయంత్రం ఇద్దరూ కలిసి రిహార్సల్‌కి బయల్దేరారు. నన్ను తీసుకెళ్లలేదు. నా సీట్లో నిండా నీళ్లు పోసిన బకెట్ పెట్టి బెల్టు కట్టారు. ఏ దారిలో కుదుపెంతో ఒలికిన నీళ్లే చెబుతాయని మామయ్య సిద్ధాంతం.

వాళ్లటు వెళ్లాక, ఆస్పత్రికి సర్దిపెట్టిన సంచి ముందు కూర్చున్నాను. అందులో బుల్లి చొక్కాలున్నాయి, టోపీ ఉంది, అరచేతిలో పట్టే మేజోళ్లున్నాయి. నా చీరలు రెండు అడుగున ఎక్కడో ఉన్నాయి. నాకు భయం వేసింది. ఇంతసేపూ గొప్పలు చెప్పుకున్నాను గానీ, ఏడో నెల నుంచీ నాకు భయంగానే ఉంది.

గంటన్నరకి తిరిగొచ్చారు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. వెళ్లేటప్పుడు వంతెన మీద సగం బకెట్ సీటు పాలైందట. మళ్లీ నింపుకుని బైపాసు మీద వస్తే చుక్క తొణకలేదట. "మీవాడు బాగానే నడుపుతున్నాడే" అన్నారు మామయ్య అత్తయ్యతో. "మలుపు దగ్గర మీరన్నదే కరెక్టు నాన్నా" అన్నాడు మా ఆయన, నేరుగా ఆయన ముఖంలోకి చూస్తూ. నాలుగు నెలల తర్వాత!

ఇక వాళ్లకి నా లైను అవసరం లేదు కదా, నేను వాడుకుందామనుకున్నాను.

"నాకు భయంగా ఉంది" అన్నాను.

అత్తయ్య నా పొట్ట మీద చెయ్యి వేసి, "విన్నావా బుజ్జీ, మీ అమ్మకి భయమట. నువ్వు మాత్రం అల్లరి చెయ్యకుండా చక్కగా వచ్చెయ్" అంది. అందరూ నవ్వారు.

తప్పు నాదే. పద్ధతి పాటించలేదు. నేనూ కడుపు మీద చెయ్యి వేసుకున్నాను. "బుజ్జీ, మీ నాన్నకి చెప్పు. మీ అమ్మకి రెండు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. ఆ కాన్పు గదిలోకి వెళ్తే తిరిగొస్తానో రానో అని భయం. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, తనతో ఒక్కరైనా మాట్లాడితే బాగుండునని ఉందట. చెప్పు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మామయ్య తల దించుకున్నారు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన లేచి వచ్చి నా ముందు నేల మీద కూర్చున్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి! రెండు చేతులూ నా కడుపు మీద ఆనించి, అక్కడే ముఖం పెట్టి అన్నాడు:

"బుజ్జీ, మీ అమ్మకి చెప్పు. నేనున్నాను, భయపడొద్దని."

ఎంత మంచి మాట! అందుకే పాఠక మహాశయులారా, ఈ పద్ధతిని మీకు గట్టిగా సిఫార్సు చేస్తున్నాను. ఉన్న ఇబ్బందల్లా ఒక్కటే. ఆ కబురు నాకింకా అందలేదు. అందించాల్సిన మనిషికి మాటలు రావడానికి ఇంకో ఏడాదిన్నర పడుతుందట.