మావారి ముక్కు మూసుకున్న శుభవేళ

విమానం దిగేటప్పుడు నొసలు పగిలిపోయేంత నొప్పి వచ్చే మనుషులు ఈ లోకంలో కొందరున్నారు. వాళ్లంత అదృష్టవంతులు ఇంకెవరూ లేరు! వాళ్ల భార్యలైతే మరీనూ!

అలా ముక్కున వేలేసుకోకండి. నేను డిగ్రీ చదివినదాన్నే. కాకపోతే కొత్తగా పెళ్లయింది కాబట్టి ఆ చదివిందేదీ ప్రస్తుతానికి గుర్తులేదు.

మావారు లిఫ్టుల ఇంజినీరు. విమానం ఎక్కితే తప్ప అందనంత దూరంలో, మేఘాల్ని గోకేంత ఎత్తు భవనం ఒకటి కడుతున్నారు. దానికి లిఫ్టులు బిగించేది ఈయన కంపెనీయే. సోమవారం తెల్లారకముందే వెళ్తారు. శుక్రవారం చీకటిపడ్డాక వస్తారు. శనివారం బట్టలు ఉతుక్కుంటారు. ఆదివారం బ్యాగు సర్దుకుంటారు. మధ్యలో ఖాళీ దొరికితే మాకు పెళ్లయిందని ఇద్దరం గుర్తుచేసుకుంటాం.

ఇలాంటి సంసారంలోకి చల్లగా ఓ జలుబు వచ్చింది!

ఓ శుక్రవారం ఆయన ఆ జలుబుతోనే విమానం ఎక్కారు. పైకి లేచేటప్పుడు బాగానే ఉందట. దిగడం మొదలయ్యేసరికి కుడి కనుబొమ పైన ఎవరో దబ్బనం గుచ్చి తిప్పుతున్నట్టు అనిపించిందట. బొటబొటా కారుతున్న కన్నీళ్లు చూసి పక్కసీటు పెద్దాయన, "దగ్గరివాళ్లెవరైనా పోయారా బాబూ?" అని అడిగాడట.

నేను తలుపు తీసేసరికి ఎర్రటి కళ్లతో నిలబడి ఉన్నారు. నన్ను చూసిన ఆనందం కాబోలనుకుని నేనూ ఏడ్చేశాను. ఆయన బ్యాగు కింద పెట్టి, "ముందు ఓ నొప్పి మాత్ర ఇస్తావా?" అన్నారు.

మర్నాడు డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. నుదుటి వెనకా బుగ్గల వెనకా గాలి గదులుంటాయట. వాటి గుమ్మాలు ముక్కులోకి తెరుచుకుంటాయట. జలుబుకి ఆ గుమ్మాలు వాచి మూసుకుపోతాయి. విమానం దిగేకొద్దీ బయట గాలి ఒత్తిడి పెరుగుతుంది. లోపలికి వెళ్దామంటే గాలికి దారి ఉండదు. ఆ తేడాకే అంత నొప్పి.

"వాపు పూర్తిగా తగ్గేదాకా విమానం ఎక్కడానికి వీల్లేదు. రోజూ ఆవిరి పట్టండి. వచ్చే శనివారం మళ్లీ చూస్తాను," అంది.

"అయ్యో, అలాగా!" అన్నాను. ఎంత దిగులుగా అన్నానంటే, ఆవిడ నాకు మంచినీళ్లు ఇప్పించింది.

రైల్లో పంపుదామన్నా అంత దూరానికి రానూపోనూ ప్రయాణంతోనే వారం గడిచిపోతుంది. దాంతో కంపెనీ చేతులెత్తేసింది. సోమవారం తెల్లారింది. టిఫిన్ వేళకి మా ఇంట్లో భర్త!

మీరు నవ్వుతారు గానీ, ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఆయన కూనిరాగాలు తీస్తారని నాకు అప్పుడే తెలిసింది. ఫ్రిజ్ తలుపు మూశాక సరిగ్గా ఆనిందో లేదో అని చెవిపెట్టి వింటారని తెలిసింది. తడి తువ్వాలు సోఫా మీద పడేస్తారని కూడా తెలిసింది. ఆ తువ్వాలు చూసి మురిసిపోయానంటే నా పరిస్థితి మీరే అర్థం చేసుకోండి!

అందుకే అంటున్నాను. పెళ్లికొడుకుల్ని వెతికే తల్లిదండ్రులారా! అబ్బాయి ఉద్యోగం సంగతి తర్వాత చూడొచ్చు, ముందు సైనస్ స్కాన్ తీయించండి. ముక్కు శుభ్రంగా ఉన్నవాడికి పిల్లనిచ్చి ఏం బావుకుంటారు?

ఇక మేనేజరుగారి మర్యాద చూడాలి! మా పెళ్లికి మూడంటే మూడు రోజులు సెలవిచ్చి, నాలుగో రోజు పొద్దున్నే ఫోన్ చేసిన మహానుభావుడు ఆయన. అలాంటాయన ఇప్పుడు రోజూ, "ముక్కెలా ఉందోయ్? కంగారేం లేదు, విశ్రాంతి తీసుకో," అని పరామర్శ! మావారు సోఫాలో కూర్చుని వీడియో కాల్‌లో, "ఆ తలుపు ఇంకోసారి మూసి చూపించు," అంటే అక్కడివాళ్లు మూసి చూపించారు. లిఫ్టు పైకి వెళ్లింది. కిందికీ వచ్చింది.

అయినా నా గుండెల్లో శనివారం గుబులే. వాపు తగ్గిందని డాక్టరమ్మ అనేస్తే?

కాబట్టి నేను ఆవిరి బాధ్యత తీసుకున్నాను. నీళ్లు తెర్లేదాకా కాచేదాన్ని. ఆ తర్వాత వంటింట్లోనే నిలబడి, ఆవిరంతా పోయాక గిన్నె పట్టుకెళ్లి, "బాగా పీల్చండి!" అనేదాన్ని. నోరు చప్పగా ఉంటుందేమో పాపమని ఐస్‌క్రీం కూడా పెట్టాను. ఆయన కాదనలేదు సరికదా, ఇంకో కప్పు ఉందా అని అడిగారు. ఎంత అమాయకుడో అని జాలిపడ్డాను.

శుక్రవారం ఆయన తువ్వాలు కప్పుకుని గిన్నె మీదికి వంగి ఉండగా మేనేజరుగారి ఫోన్ వచ్చింది. "ఒక్క క్షణమండీ, ఆవిరి పడుతున్నారు," అని చెప్పి, ఫోన్ అందిద్దామని తువ్వాలు ఎత్తాను.

మావారు రెండు వేళ్లతో ముక్కు గట్టిగా నొక్కిపట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నారు.

"ఏంటండీ ఇది?"

"ఆవిరి పడుతున్నా," అన్నారు వేళ్లు తీయకుండానే.

"ముక్కు మూసుకునా?"

"ఇది బుధవారమే తెరుచుకుందోయ్. రేపటికైనా మళ్లీ పూడుతుందేమోనని నా తాపత్రయం."

"సిగ్గులేదూ? నేనక్కడ పొయ్యి ముందు మాడిపోతుంటే!"

"నీ గిన్నెలో ఆవిరేదీ? వారం నుంచీ చూస్తున్నా. ఇది మొహం కడుక్కోవడానికి కూడా చాలని వేడి!"

"తెలిసి మరి ముక్కెందుకు మూసుకున్నారు?"

"ఏ రోజైనా పొరపాటున వేడిగా తెస్తావేమోనని... ముందుజాగ్రత్త."

ఇద్దరం పడీపడీ నవ్వాం. కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వాం. అప్పుడు నా చేతిలోని ఫోన్ సన్నగా దగ్గింది.

"బుధవారమే తెరుచుకుందా?" అంది ఫోన్. "శుభం. సోమవారానికి టికెట్ తీయిస్తాను."

డిగ్రీ చదివినదాన్నని మొదట్లో చెప్పానే, ఆ ముక్క కొట్టేయండి.

శనివారం డాక్టరమ్మ లైటు వేసి చూసి, దారి భేషుగ్గా ఉందంది. నేను కృతజ్ఞతలు చెప్పాల్సి వచ్చింది.

సోమవారం ఆయన వెళ్లిపోయారు. దిగగానే మెసేజ్ పెట్టారు: "నొప్పి పిసరంత కూడా లేదు." ఇంత మంచి కబురు చదివి దిండులో మొహం దాచుకున్న ఇల్లాలు ఇంకెక్కడైనా ఉంటుందా?

మధ్యాహ్నం ఉండబట్టలేక ఫోన్ చేశాను. "లిఫ్టులో ఏం పని తేలింది?"

"ఏమీ లేదు. బాగానే నడుస్తోంది. ఊరికే ఎక్కి దిగుతున్నా."

అయ్యా మేనేజరుగారూ! మా ఇంటి మాటలు వినే ఓపిక మీకుందని తెలిసింది కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. ఆయన ముక్కెలా ఉందని రోజూ అడిగారు, సంతోషం. ఒక్కసారి మా ఇల్లెలా ఉందని కూడా అడగండి.

చక్కగా సర్దిపెట్టినట్టు ఉందండీ. సోఫా మీద ఏమీ లేదు.