పది మంది ఉంటేనే కులం

ఆ రోజు పొద్దున్నే అంతయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోపు ఇంట్లో ఆరుగురు మనుషులు పెరగాలి. అంతే.

రేగుమడుగులో మేరోళ్ల ఇల్లు, అంటే బట్టలు కుట్టేవాళ్ల ఇల్లు, అంతయ్యది ఒక్కటే. పంచాయతీ ఆఫీసు ఎదురుగా రేకుల కింద అతని మిషను ఉంటుంది. ఊళ్లో ఎవరి నడుము ఎంతో, ఎవరి ఛాతీ ఎంతో, దసరాకూ దసరాకూ ఎవరెంత లావెక్కారో అన్నీ అతనికి నోటికి వచ్చు. ఊరికి మాత్రం ఏనాడూ అతని కొలత పట్టలేదు. మున్నూరు కాపులకు వాగు పక్కన శవాలు పూడ్చే బొందలగడ్డ ఉంది. పద్మశాలీలకు గుట్ట కింద, గొల్లలకు చెరువు వెనక, ఎస్సీ వాడకు ఊరికి ఆమడ దూరంలో ఉన్నాయి. బతికినన్నాళ్లు ఎవరెక్కడ కూర్చోవాలో నేర్పిన ఊరు, చచ్చాక ఎవరెక్కడ పడుకోవాలో కూడా శ్రద్ధగా ఏర్పాటు చేసి పెట్టింది. ఒక్క గడప ఉన్న మేరోళ్ల సంగతే ఎవరికీ గుర్తు రాలేదు.

అంతయ్య తండ్రి పోయినప్పుడు ఒక కాపు రైతు దయతలచి తన చేను గట్టున పెట్టనిచ్చాడు. తర్వాత ఆ రైతు కొడుకులు చేను అమ్మారు. కొన్నవాళ్లు ప్లాట్లు చేశారు. ఇప్పుడు ఆ పెద్దాయన ముప్పై అడుగుల రోడ్డు కింద ఉన్నాడు. లక్సెట్టిపేట వైపు ట్రాక్టరు పోతున్న చప్పుడు వినిపిస్తే చాలు, ఎనభై దాటిన తల్లి భూమవ్వ తలెత్తేది.

"మీ బాపు మీదికెళ్లే పోతుందిరా. మరి నన్నేడ పెడ్తవు?"

ఆరేళ్లుగా ఆ మాట వచ్చినప్పుడల్లా అంతయ్య సూదిలో దారం ఎక్కిస్తూ తలదించుకునేవాడు.

ఇన్నాళ్లకు ఒక దారి దొరికింది. బడి వెనక ఉన్న ఎకరం సర్కారు భూమిని బొందలగడ్డల కోసం కులాలవారీగా పంచాలని గ్రామసభ తీర్మానించింది. ముందు బడి టీచరు ఇంటింటికీ తిరిగి కులాల లెక్క తీస్తుంది. ఎన్ని తలలుంటే అంత వాటా. పది తలలకు తక్కువైతే అది కులం కింద లెక్కకు రాదు, 'ఇతరులు' అని రాస్తారు. ఇతరుల వాటా సంగతి తర్వాత చూద్దామన్నారు. పంచాయతీలో 'తర్వాత చూద్దాం' అన్న పని ఎప్పుడవుతుందో ముసలమ్మలకు కూడా తెలుసు. అంతయ్య ఇంట్లో ఉన్నవి నాలుగు తలలు. తను, తల్లి, భార్య వినోద, ఇంటర్ చదివే కూతురు సృజన.

అందుకే వేములవాడలో ఉన్న అక్క వనజకు ఫోన్ చేశాడు. పొద్దున మొదటి బస్సుకు అక్క, బావ బాలమల్లు, ఇద్దరు కొడుకులు, కోడలు, బావ తల్లి, మొత్తం ఆరుగురు సంచులతో దిగారు. అంతయ్య వాళ్లను వెంటబెట్టుకుని వస్తుంటే, పద్మశాలి సంఘం పెద్ద రాయమల్లు అరుగు మీద వేపపుల్ల నములుతున్నాడు.

"ఏంది అంతన్నా, ఇంతమంది దిగిండ్రు? ఇంట్ల ఏమన్న కార్యమా?"

అంతయ్యకు కొలవడం వచ్చు గానీ అబద్ధమాడటం రాదు. నోటికి ఏది వస్తే అది అనేశాడు. "అవ్వ పానం మంచిగ లేదే రాయమల్లన్నా. సూసిపోనీకి వచ్చిండ్రు."

ఇంటికి వచ్చేసరికి పానం మంచిగలేని భూమవ్వ వాకిట్లో కూర్చుని, పక్కింటి కోడిని తిడుతూ చింతపండు గింజలు తీస్తోంది.

"అవ్వా, జర మంచంల పండవే."

"ఎందుకురా?"

"నీ పానం బాగలేదు."

"నాకెవలు చెప్పలే."

అంతయ్య పక్కన కూర్చుని విషయం చెప్పాడు. 'జాగ' అన్న మాట వినగానే ముసలమ్మ ఇంకేమీ అడగలేదు. చేతులు కడుక్కుని మంచమెక్కి దుప్పటి గొంతుదాకా లాక్కుంది. "ఎంతసేపు సావాలె?" అని మాత్రం అడిగింది.

"టీచరమ్మ రాస్కొని పోయేదాంక."

చావుబతుకుల్లో ఉన్న మనిషిని చూసి రావడం ఊరి మర్యాద. గంటలో అరటిపళ్లు నాలుగు డజన్లయ్యాయి. వచ్చినవాళ్లు మంచం చుట్టూ చేరి నోరారా పొగిడారు. "మంచి మనిషి ఉండె పాపం," అని ఒకామె కన్నీళ్లు పెట్టుకుంటే, దుప్పట్లోంచి "ఇంక ఉన్న" అని సన్నగా వినిపించింది.

పన్నెండింటికి లెక్క రాసుకోవడానికి పద్మలత టీచరు వచ్చింది. "ఇంట్ల ఎంతమంది?" అని అడిగింది.

"పది మంది మేడం. అందరం మేరోళ్లమే."

"వీళ్లు ఎప్పటిసంది ఈడ ఉంటున్నరు?"

"పొద్దుగాలటిసంది," అంది బాలమల్లు తల్లి. ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పని మనిషి.

టీచరు పెన్ను ఆగిపోయింది. భూమవ్వ ఒక కన్ను తెరిచి, "రాయి బిడ్డా, నాకు పండబుద్ధయితలేదు" అంది. పద్మలత ఆమె వంక కాసేపు చూసింది. తర్వాత తలొంచుకుని 'పది' అని రాసింది. ఆమెది మెత్తని మనసు. ఊరి కొంప ముంచింది అదే.

కిటికీ అవతల అరటిపళ్లు పట్టుకుని నిలబడ్డ రాయమల్లు ఈ ముచ్చటంతా చూశాడు. అతను కోపం తెచ్చుకోలేదు, ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నేర్చుకున్నాడు. ఆ సాయంత్రానికి రాయమల్లు తండ్రి పానం బాగలేకుండా పోయింది. ఎక్కడెక్కడి మరమగ్గాలో ఆగిపోయి చుట్టాలు జీపుల్లో దిగారు. మర్నాడు కాపుల వాడలో ఇద్దరు పెద్దలు మంచం పట్టారు. గొల్లల పెద్ద మంచంలో పడుకోలేక గోడ దూకి గొర్ల వెంట పోతే, నలుగురు పోయి పట్టుకొచ్చి పడుకోబెట్టారు. లెక్క మూడు రోజులు సాగింది. మూడో రోజుకు రేగుమడుగులో ఎనిమిది మంది చావుకు సిద్ధంగా ఉన్నారు. ట్యాంకులో నీళ్లు అయిపోయాయి, దుకాణంలో చాయ్‌పత్త కూడా దొరకలేదు.

ఎనిమిది మంది ఒక్కసారి మంచం పట్టారన్న కబురు మండలానికి పోయింది. ఇదేదో కొత్త రోగమనుకుని రెండు అంబులెన్సులు, మూతికి గుడ్డలు కట్టుకున్న నర్సులు వచ్చారు. చావుబతుకుల్లో ఉన్న ఎనిమిది మందికీ బీపీ భేషుగ్గా ఉంది. భూమవ్వది నర్సు కంటే బాగుంది.

వెనకే మండలం ఆఫీసరు వచ్చాడు. టీచరు రాసిన కాగితాలు తిరగేశాడు. ఆరువందల నలభై మంది ఉన్న ఊరు మూడు రోజుల్లో పద్దెనిమిది వందలైంది. అందరినీ బడి ముందు నిలబెట్టాడు.

"ఈ లెక్క చెల్లదు. పంపకాలూ చెల్లవు. ఎకరం మొత్తం అందరికీ కలిపి ఒక్కటే. గోడ కట్టిస్తా, గేటు పెట్టిస్తా. ఎవరు ముందు పోతే వాళ్లు ముందు. పక్కపక్కనే వరుసగా పెట్టుకోండి."

"ఒక్కతానే ఎట్ల సార్? మా పక్కన ఎవలొస్తరో ఏమెరుక?" అన్నాడు రాయమల్లు. కాపులు తలలూపారు. గొల్లలు కాపులను చూసి తలలూపారు. ఎస్సీ వాడ నుంచి వచ్చిన పంచాయతీ కార్మికుడు దేవదాస్ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు.

"బతికున్నప్పుడు మాకు చాయ్ గిలాసలు అలగ్ పెట్టిరి. సచ్చినంక పక్కకు రమ్మంటే నమ్ముతమా సార్? మా గడ్డ మాకుంది."

రేగుమడుగు పుట్టాక అన్ని కులాలూ ఒక్క మాట మీద నిలబడింది ఆ రోజే. ఆ ఎకరంలోకి ఎవరూ పోకూడదు.

అంతయ్య మాత్రం ఇంటికి పరుగెత్తాడు. "అవ్వా, జాగ దొరికిందే!" సాయంత్రం టేపు తీసుకుపోయి, వేపచెట్టు నీడ పడే మూల చూసి ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు కొలిచి నాలుగు మేకులు కొట్టి వచ్చాడు. భూమవ్వ సంతోషపడింది. మళ్లీ అనుమానమూ పడింది.

"అంత పెద్ద గడ్డల నేనొక్కదాన్నేనా? ముచ్చట పెట్టనీకి మనిషన్న ఉండద్దారా?"

"ఫికర్ చేయకు. మెల్లగ అందరు వస్తరు."

రెండు నెలల్లో గోడ లేచింది, గేటు వచ్చింది, అన్ని కులాలవారికీ అని పెద్ద బోర్డు పడింది. ఆ తర్వాత ఒక శుక్రవారం పొద్దున భూమవ్వ చాయ్ తాగుతూ, సగం గ్లాసు మిగిల్చి, నిజంగానే పోయింది.

అంతయ్య ఏడుస్తూ వాడవాడకూ తిరిగాడు. రాయమల్లు అరుగు మీది నుంచి నవ్వాడు. "మళ్ల లెక్క మొదలైందా అంతన్నా? ముందుగాల చెప్తే మా బాపును గూడ పండవెడుదుంటి." వేములవాడకు ఫోన్ చేస్తే బాలమల్లు విసుక్కున్నాడు. "మొన్న వచ్చిపోతే మూడు దినాల పని పోయింది బామ్మర్దీ. గీసారి ఎంతమంది కావాలె?" ఆడవాళ్లు కొందరు గుమ్మం దాకా వచ్చి తొంగిచూశారు. "ముసలమ్మ మంచిగ పండుతది," అని మెచ్చుకుని వెళ్లిపోయారు. ఈసారి అరటిపండు ఒక్కటి కూడా రాలేదు.

పొద్దు నెత్తికెక్కేదాకా చూశాడు అంతయ్య. పాడె మోయడానికి నాలుగు భుజాలు కావాలి. ఒకటి తనది. రెండోది బొంద తవ్వి వచ్చిన దేవదాస్‌ది. మిగతా రెండు వినోదవి, సృజనవి. ఆడవాళ్లు మోయకూడదని చెప్పడానికైనా అక్కడ ఎవరూ లేరు.

పాడె వీధిలోకి వచ్చాక గానీ రాయమల్లుకు నమ్మకం కలగలేదు. అప్పుడు లేచి, తువాలు భుజాన వేసుకుని, గబగబా వెనకే నడిచాడు. గేటు దాకా వచ్చి, బోర్డు చదివి, అక్కడే నిలబడిపోయాడు.

ఆ ఎకరంలో ఇప్పటికి జనాభా ఒకరు. కులాలవారీగా చూస్తే మేరోళ్లు నూటికి నూరు.