చివరి వరుస

మా మేనల్లుడు ఫ్యాను చప్పుడు విని కంప్యూటర్ జబ్బేమిటో చెప్పేస్తాడు. అంతటివాడు మా వంశంలోనే కాదు, చుట్టుపక్కల ఏ వంశంలోనూ పుట్టలేదు.

ఆ ఉదయం వాడి పని చిన్నదే. బస్టాండులో బస్సుల వేళలు చూపే పెద్ద తెరను మేనేజరు వచ్చేలోగా వెలిగించాలి. వెలిగితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. తీరా మీట నొక్కితే, దాని వెనక కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే ప్రోగ్రాం లేస్తూ చెప్పే తొలి సందేశాలు గబగబా పరుగెత్తి, తెర నల్లబడి, మళ్లీ మొదటికొచ్చింది. జబ్బేమిటో చివరి వరుసలో ఉంటుంది. అది కంటికి ఆనేలోపే మాయం.

వాడికి చెమటలు పట్టాయి. ఒక్కో వరుసా తాపీగా వచ్చేలా కంప్యూటర్‌కు ఆజ్ఞ రాసి, వీడియో తీద్దామని ఫోన్ పట్టుకుని నిచ్చెనెక్కాడు. వరుసలు నింపాదిగా దిగుతుంటే ప్రయాణికులు మూగారు.

"బాబూ, మా బస్సు ఏ వరుసలో ఉంది?" అని అడిగింది సంచీ పట్టుకున్న పెద్దావిడ.

"అవి బస్సులు కావమ్మా. మిషను లేస్తూ తన గోడు చెప్పుకుంటోంది."

"లేచాక మా బస్సు సంగతి చెప్తుందా?"

"చెప్తుందమ్మా, కాస్త ఉండండి!"

ఉండమన్నాడు కదా అని అందరూ ఉండిపోయారు. ఎదురుగా బస్సు హారన్ కొడుతున్నా ఒక్కరూ ఎక్కలేదు. "తెర చెప్పకుండా ఎక్కితే ఎటు తీసుకుపోతాడో!" అన్నాడొకాయన. ముందు బస్సు కదలక వెనకవీ కదల్లేదు. ఆ బారు గేటు దాటి, రోడ్డు మీద మేనేజరు కారుకు అడ్డంపడింది. ఆయన నడిచొచ్చాడు.

"ఏమయ్యా, ఏమిటీ గోల?"

వాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే చివరి వరుస వచ్చి పోయింది.

"పర్లేదు సార్, అంతా వీడియోలో ఉంది!"

దిగి చూపించాడు. వీడియోలో ఒక్క అక్షరం లేదు. సెల్ఫీ కెమెరా నొక్కాడు మహానుభావుడు! మొదటి నుంచి చివరిదాకా పెదవి కొరుక్కుంటున్న వాడి మొహమూ, చొక్కా జేబూనే.

పెద్దావిడ తొంగి చూసి, "పాపం, జ్వరమా బాబూ?" అంది.

ఉద్యోగం తనను వదిలి బస్సెక్కుతున్నట్టు కనిపించింది వాడికి. మేనేజరు మాత్రం వీడియో మీంచి చూపు తిప్పలేదు.

"నీ జేబులో ఆ ఎర్రతాడు ఏమిటయ్యా?"

వాడు తడుముకున్నాడు. పెన్‌డ్రైవ్! లేవడం మొదలుపెట్టేది సొంతంగానే అయినా, ఆపైన ఆ కంప్యూటర్ నడిచేదే దాని మీద. ముందురోజు సాయంత్రం నకలు తీద్దామని పీకి, జేబులో వేసుకుని ఇంటికి పోయాడు. మిషను పొద్దుటి నుంచీ చివరి వరుసలో దాన్నే అడుగుతోంది.

గుచ్చాక తెర లేచింది. తాపీ ఆజ్ఞ తీసేయడం మరిచాడు గనక, తాపీగానే లేచింది. "జబ్బును వీడియో తీయబోయి దొంగను తీశావు" అని మేనేజరు నవ్వేశాడు కాబట్టి ఉద్యోగం నిలిచింది. ఫ్యాను చప్పుడు విద్య అన్నానే, అది ఇంకా సాధనలో ఉంది.

ఇందులో నేను కల్పించింది ఎర్రతాడు ఒక్కటే. నిజానికి మేనేజరు చూసింది ఆ పెన్‌డ్రైవ్ మీద మావాడే రాసి అంటించిన చీటీ: "దీన్ని తీయవద్దు."