శంకుస్థాపన మట్టి

వాల్బీ ఊరి చరిత్రలో ఘనమైన ఘట్టాలు మూడేనని మేయర్ వెండెల్ టిల్‌క్విస్ట్ ఏప్రిల్లో ప్రకటించారు. రైలు రావడం ఒకటి, రైలు పోవడం రెండు, గూడు లేని పన్నెండు కుటుంబాలకు చవక అద్దె ఇళ్లు కట్టబోవడం మూడు.

చప్పట్లు కొట్టినవాళ్లలో డెల్లా మాకీ కూడా ఉంది. ఆ పన్నెండు కుటుంబాల జాబితాలో మొదటి పేరు ఆమెదే. పగలంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తుంది. కాపురం ఇద్దరు ఆడపిల్లలతో పాత వ్యానులో. మిన్నెసోటాలో వ్యాను కాపురం అక్టోబరు దాకా సాగుతుంది. ఆ తర్వాత చలికి సాగదు.

"ప్రజల మద్దతు లేనిదే ఒక్క ఇటుక వెయ్యను" అన్నారు మేయర్. అన్నమాట ప్రకారం ఒక్కటీ వెయ్యలేదు. మద్దతు మాత్రం కూడగట్టారు. చర్చిలో పాన్‌కేకుల విందు పెట్టారు. ప్రతి ఇంటి ముందు గడ్డిలో "ఇక్కడ అందరికీ చోటుంది" అని బోర్డు పాతించారు. ఊళ్లో బోర్డు లేని కాపురం డెల్లా వ్యాను ఒక్కటే. దానికి గడ్డి లేదు.

మే నెలలో ఎల్మ్ వీధిలో శంకుస్థాపన. అక్కడంతా పాత సిమెంటు, పార దిగదు. అందుకని అక్కడి ఆనవాయితీ ప్రకారం చెక్కపెట్టె నిండా మెత్తటి మట్టి తెచ్చిపెట్టారు. పెద్దలు హెల్మెట్లు తగిలించుకుని, బంగారు రంగు పారలతో ఆ మట్టి తీసి ఆ మట్టిలోనే పోశారు. డెల్లాకూ ఒక హెల్మెట్, ఒక పార ఇచ్చారు.

"నవ్వమ్మా డెల్లా. నీ ముఖం చూసే కదా జనం కరిగేది" అన్నారు మేయర్.

"నవ్వుతూనే ఉన్నానండీ. ఎప్పుడు కడతారు?"

"ఇరుగుపొరుగు అభిప్రాయం విన్న మర్నాడే."

విన్నారు. కౌన్సిల్ సభలో ఎల్మ్ వీధి మిసెస్ ప్రిడీ లేచింది. "మా ఇంటి ముందు బోర్డు చూశారుగా. నాది పూర్తి మద్దతు. కాకపోతే ఆ ఇళ్ల నీడ నా టమాటా మొక్కల మీద పడుతుంది."

"పొద్దుటి ఎండ చాలదా అండీ వాటికి?" అంది డెల్లా.

"చూడమ్మాయ్, నేను నీ పక్షం. నీతో వాదన పెట్టుకోను."

స్థలం మారింది. జూలైలో మిల్ రోడ్డులో శంకుస్థాపన. అదే పెట్టె, అదే మట్టి. మిల్ రోడ్డువాళ్లదీ పూర్తి మద్దతే, కార్లు నిలుపుకునే చోటు పోతుందన్నదొక్కటే బాధ. సెప్టెంబరులో చెరువు పక్కన శంకుస్థాపన. అక్కడ బాతుల తరఫున లాయరు వచ్చాడు. డెల్లా తరఫున ఎవరూ రాలేదు. ఊరంతా ఆమె పక్షమే అయినప్పుడు లాయరెందుకు?

అక్టోబరు చివర నాలుగో శంకుస్థాపన. ముందురోజు మంచు కురిసింది. మేయర్ పార ఎత్తి వేస్తే పెట్టెలో గడ్డకట్టిన మట్టి ఖంగుమంది. పార విరిగింది, మేయర్ గారి మణికట్టు బెణికింది.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి మేయర్ అన్నారు: "ఈ మట్టి ఈ ఊరి పేదల కోసం నాలుగుసార్లు తవ్వించుకుంది. దీన్ని చలికి వదిలేస్తామా? మనం మనుషులమేనా?"

కౌన్సిల్ కళ్లు తుడుచుకుని ఏకగ్రీవంగా తీర్మానించింది.

తొమ్మిది రోజుల్లో మట్టికి ఇల్లు లేచింది. ఎల్మ్ వీధిలో, మొదట అనుకున్న స్థలంలోనే. రెండు పొరల గోడలు, హీటరు, కిటికీ, గట్టి తాళం. మిసెస్ ప్రిడీ కిటికీకి తన చేత్తో తెర కుట్టి తెచ్చింది.

రిబ్బను డెల్లా చేతే కోయించారు. లోపల వెచ్చగా ఉంది. డెల్లా చేతితొడుగు తీసి పెట్టెలో చెయ్యి పెట్టింది. మట్టి అప్పుడే నిద్రలేచిన పిల్లల ఒళ్లులా వెచ్చగా ఉంది.

"వెండెల్ గారూ, దీనికి ఇరుగుపొరుగు ఎవరూ అడ్డం చెప్పలేదా?"

"ఎందుకు చెబుతారమ్మా? ఇందులో ఎవరూ ఉండరుగా."

అందరూ బయటికొచ్చారు. తాళం వేశారు. డెల్లా తలమీది హెల్మెట్ గుర్తుపెట్టుకుని మరీ తీసుకున్నారు. ఏప్రిల్లో శంకుస్థాపనకు మళ్లీ కావాలట.