గుండ్రని సున్నా

ఆ రోజు ఉదయం టైపు మాస్టారి పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లడం, తన పాత కారును కూతురి పేరుకు మార్పించడం, పదింటికల్లా ఇంటికొచ్చి పేపరు చదువుకోవడం. కూతురు నర్సు. మంచం పట్టిన రోగులను ఇళ్లకు వెళ్లి చూసే ఉద్యోగంలో మర్నాడే చేరాలి. తన పేరు మీద కారున్నట్టు సాయంత్రంలోగా కాగితం చూపించకపోతే ఆ ఉద్యోగం తర్వాతి మనిషికి పోతుంది. రెండేళ్లుగా ఆమె పెట్టిన దరఖాస్తులన్నీ టైపు చేసింది మాస్టారే కనుక, ఈ ఉద్యోగం ఎంత అవసరమో ఆయన వేళ్లక్కూడా తెలుసు.

ఫారం కూడా ఆయన ముందురోజే తన సొంత మెషీన్ మీద టైపు చేసి పెట్టుకున్నారు.

"చేత్తో రాసినా తీసుకుంటారు నాన్నా" అంది కూతురు.

"ముప్పై ఏళ్లు టైపు నేర్పాను. నా కాగితం మీద ఒక్క తప్పు చూపించినవాడు లేడమ్మా" అన్నారు మాస్టారు. ఇది ఆయన రోజుకు ఒకసారైనా అనే మాట. అలవాటైపోయి ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు, అదే పొరపాటయింది.

రెండో కిటికీ దగ్గర కూర్చున్న క్లర్కు, కూతురితో వచ్చిన మాస్టారిని చూడగానే లేచి నిలబడింది. ఒకప్పుడు ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న మనిషి. "మీ పని ఐదు నిమిషాలండీ మాస్టారూ" అని ఫారం అందుకుని, తెర వంక చూస్తూ కారు ఛాసిస్ నంబరు కొట్టింది. ఛాసిస్ నంబరంటే కారు ఒంటి మీద పుట్టుమచ్చ లాంటిది. అక్షరాలూ అంకెలూ కలిపి పదిహేడుంటాయి, ఏ రెండు కార్లకూ ఒకటే ఉండదు. కంప్యూటరు టక్కున ఎర్ర గీత గీసి, పదమూడో స్థానంలో ఉన్నది చెల్లదు అంది.

"ఓ అనే అక్షరం ఈ నంబర్లలో ఉండకూడదటండీ. సున్నాలా కనిపిస్తుందని అసలు వాడరట" అని క్లర్కు చదివి చెప్పింది.

"అది ఓ కాదు, సున్నా."

"నేనూ సున్నాయే కొట్టానండీ."

"మరి నేను టైపు చేసిందీ సున్నాయే."

గురువూ శిష్యురాలూ ఒకరి మాట ఒకరు పూర్తిగా నమ్మారు. కాబట్టి తప్పు కారుదే అయ్యుండాలని ఇద్దరూ నిర్ణయించారు. మళ్లీ కొట్టి చూసినా అదే ఎర్ర గీత. కారు మీద అసలేముందో చూసి రమ్మని క్లర్కు ఇన్‌స్పెక్టరుకు చీటీ పంపింది.

ఇన్‌స్పెక్టరు నవ్వి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేని మనిషి. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ముందు అద్దం కింద, డ్రైవరు వైపు మూల ఉంటుంది. అక్కడేంటిది?" అన్నాడు.

"ఎండకి పగులుతుందని రబ్బరు పట్టా వేశానండి."

"తియ్యండి."

"రాదండి. బంకతో అంటించాను. ఏ పనైనా గట్టిగా చెయ్యడం నాకలవాటు."

డ్రైవరు తలుపు తీస్తే, పక్క స్తంభం మీద నంబరు స్టిక్కరు ఉండాల్సిన చోట నున్నగా రంగు ఉంది. రెండేళ్ల కిందట గీతలు పడ్డాయని మాస్టారు దగ్గరుండి రెండు పూతలు వేయించారు. ఇన్‌స్పెక్టరు ఆయన వంక అదోలా చూసి, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నంబరు దాచిపెట్టే మనుషుల గురించి ఆయన ఉద్యోగంలో చాలా చదివాడు.

మిగిలింది ముందు సీటు కింద నేల మీద చెక్కిన నంబరు. దాన్ని చూడాలంటే తివాచీ ఎత్తాలి, తివాచీ ఎత్తాలంటే సీటు తీయాలి. ఎదురు షెడ్డు నుంచి మెకానిక్కు వచ్చాడు. నాలుగు బోల్టుల్లో మూడు ఊడాయి, తుప్పుపట్టిన నాలుగోది విరిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వచ్చేసరికి పన్నెండయింది. సీటును తెచ్చి ఆఫీసు మెట్ల పక్కన పెడితే, వరుసలో నిలబడి కాళ్లు లాగుతున్న ఒక పెద్దాయన దాంట్లో కూర్చుని నిద్రపోయాడు.

ఇన్‌స్పెక్టరు టార్చి పట్టుకుని కారులోకి వంగాడు. జాతకం చెప్పేవాడిలా ఒక్కో అక్షరానికీ ఆగుతూ చదివాడు. "మొదటి మూడూ తయారుచేసిన దేశం, కంపెనీ. బాగానే ఉన్నాయి. పదోది తయారైన ఏడాదికి గుర్తు. బీ అని ఉంది." కాగితాలు తిరగేశాడు. ఆయన గొంతు ఇంకా బరువెక్కింది. "అంటే మీరు ఈ కారును, ఇది తయారవడానికి మూడేళ్ల ముందే కొన్నారు."

మాస్టారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. "కొన్న రోజు నేనే నడుపుకుంటూ ఇంటికొచ్చానండి" అన్నారు చివరికి.

"దేన్ని?"

కూతురు సంచిలోంచి దూదీ స్పిరిటూ తీసి, కారులోకి దూరి, పుండు కడిగినంత శ్రద్ధగా ఆ చోటు తుడిచింది. ఏళ్లనాటి మడ్డి వదిలేసరికి బీ కాస్తా ఎనిమిదయింది. కారు తన అసలు వయసుకు వచ్చింది. పదమూడో స్థానం కూడా తుడిచి, దాని మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే అచ్చు శుభ్రంగా పడింది. సన్నగా, కోలగా, అనుమానం లేని సున్నా.

ఆ కాగితం తీసుకుని ముగ్గురూ రెండో కిటికీకి వచ్చారు. క్లర్కు భక్తిగా పదిహేడూ కొట్టింది. ఎర్ర గీత.

"దొంగ నంబరు. బండి గేటు దాటకూడదు" అని ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు.

గోడ గడియారంలో మూడున్నర. మాస్టారు బల్ల మీద కూలబడ్డారు. కూతురి మొహం చూడడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. దొంగ అన్న మాటకన్నా, రేపు ఎనిమిదింటికి ఈ పిల్ల మళ్లీ ఇంట్లోనే ఉంటుందన్న ఊహ ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

కూతురు మాత్రం కిటికీ దగ్గరే నిలబడి క్లర్కు చేతులనే చూస్తోంది. "ఇంకొక్కసారి కొట్టండక్కా. మెల్లిగా." పదమూడో స్థానం దగ్గర క్లర్కు కుడిచేతి ఉంగరం వేలు, అంకెల వరుస జోలికే పోకుండా, తిన్నగా వెళ్లి ఓ మీద వాలింది.

"అక్కా, అది ఓ."

"సున్నా అమ్మా. ఉత్త అంకెలైతే పక్కనున్న మీటల్లో కొడతాను. అక్షరాలతో కలిసి వస్తే ఇలాగే. మాస్టారు ఇలాగే నేర్పారు."

అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో మెషీన్లకు సున్నా మీట ఉండేది కాదు. పెద్ద ఓ కొట్టడమే పద్ధతి. మెషీన్లు మారాయి, కాలం మారింది, వేలు మారలేదు.

క్లర్కు ఈసారి అంకెల వరుసలోని అసలు సున్నా కొట్టింది. ఎర్ర గీత పోయింది. అందరూ ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో వాక్యం వచ్చింది: ఈ నంబరు రికార్డులో లేదు. కారు కొన్నప్పుడు రికార్డులోకి ఎక్కించింది కూడా ఆ క్లర్కే, ఆ వేలితోనే. అప్పటి కంప్యూటరు కొట్టినదేదైనా మింగేది. ఓ కొడితే చెల్లదు, సున్నా కొడితే దొరకదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

విషయం పెద్దాఫీసరు దాకా పోయింది. ఆయన అద్దాలు తుడుచుకుని, "రికార్డు దిద్దొచ్చు. కానీ తప్పెవరిదో రాసిన కాగితం కావాలి. క్లర్కుదైతే విచారణ వేయాలి" అన్నాడు. క్లర్కుకి సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది.

మాస్టారు లేచారు. ఒకసారి శిష్యురాలి వంకా, ఒకసారి కూతురి వంకా చూశారు. జీవితంలో ఎన్నడూ రాయని వాక్యం కనుక, రాయడానికి చాలాసేపు పట్టింది. టైపు చేయలేదు. చేత్తోనే రాశారు: "ఈ తప్పు ఆమెది కాదు. నాది. నేనే నేర్పాను." కింద సంతకం పెట్టారు.

"నాన్నా" అంది కూతురు.

ఐదింటికి పది నిమిషాలుండగా కారు ఆమె పేరుకు మారింది. కాగితం మీద ముద్ర పడింది. పెద్దాఫీసరు ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టబోతూ ఆగి క్లర్కును అడిగాడు. "ఆ రోజుల్లో రికార్డులు ఎక్కించింది నువ్వొక్కదానివేనా?"

"నలుగురమండీ."

"మిగతా ముగ్గురూ ఎక్కడ నేర్చుకున్నారు?"

క్లర్కు మాస్టారి వైపు చూసింది. పెద్దాఫీసరు మాస్టారికి కుర్చీ చూపించి, ఇలాంటి ఉత్తరాలు ఇంకా ఎన్ని కావాల్సి వస్తాయో లెక్క తేలేదాకా ఆయన రోజూ రావాలని మర్యాదగా కోరాడు.

మర్నాడు కూతురు ఎనిమిదింటికి ఉద్యోగంలో చేరింది. మాస్టారు తొమ్మిదింటికి చేరారు.