టిక్కీలో బేరింగులు

మంగళవారం ఉదయం సంజీవరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కోల్డ్ స్టోరేజీలో బేరింగులు తీసుకోవాలి, పదింటికి మెకానిక్ మీరా హుస్సేన్ వాటిని ఇంజన్లో దించాలి. తండ్రి నడిపిన పాత అంబాసిడర్లో క్యామ్‌షాఫ్ట్‌ను పట్టుకుని తిరగనిచ్చే మూడు లోహపు చుట్లవి. మూడేళ్లు గాలిస్తే చెన్నైలో దొరికాయి. సాయంత్రంలోగా బిగించకపోతే కారు పాత ఇనుము వాడికేనని భార్య వెంకటేశ్వరమ్మ తేల్చి చెప్పేసింది.

"బాగా చల్లబెట్టండి, వెంట్రుకవాసి కుంచించుకుని సుఖంగా దిగుతాయి" అన్నాడు ముందురోజు మీరా హుస్సేన్. పాలపాకెట్ల పక్కన ఇనపముక్కలేమిటని వెంకటేశ్వరమ్మ ఫ్రిజ్ తలుపు మూసేసింది. గుంటూరు మిర్చి వ్యాపారికి చలి కరువా? తన సరుకు దాచిన కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, పై వరసలో మొదటి టిక్కీ, అంటే మిర్చి బస్తా, కుట్టు విప్పి, మిరపకాయల మధ్య మూడింటినీ కూరి, మళ్లీ కుట్టి వచ్చాడు.

తొమ్మిదింటికి వెళితే అక్కడ వరసా లేదు, టిక్కీలూ లేవు.

"రేటు బాగుంటే తీసెయ్యమన్నారుగా? అరవై టిక్కీలూ తెల్లారే మిర్చి యార్డుకు తోలించానండి" అన్నాడు ఫోన్లో గుమాస్తా కోటి, మహా హుషారుగా.

మిర్చిలో సంజీవరావు ఇనుము పెట్టాడని తెలిస్తే ముప్పై ఏళ్ల పరువు గంగలో కలుస్తుంది. ఎవరికీ చెప్పకుండా వెతకాలి. యార్డుకు పరిగెత్తుకెళ్లి, కలగలిసిపోయిన అరవైలో చేతికందిన మొదటి టిక్కీలో భుజం దాకా చెయ్యి దూర్చాడు. తర్వాత రెండోది, మూడోది. కళ్లు మండాయి, తుమ్ములు ముంచుకొచ్చాయి, అయినా ఆగలేదు.

ఒక్క కాయ విరిచి ధర చెప్పే మనిషి ఇలా అడుగు దాకా దేవుతుంటే చూసేవాళ్లు ఊరుకుంటారా? పదిమంది మూగారు.

"ఈ లాటులో ఏముందండీ?" అన్నాడు ఎగుమతి వ్యాపారి దుర్గాప్రసాద్.

"ఏమీ లేదు. ఇవాళ అమ్మట్లేదు కూడా."

దాంతో ఏదో ఉందని అందరికీ ఖాయమైపోయింది. ఒకరు ధర పెంచితే ఇంకొకరు దాన్ని దాటారు. ఇరవై మూడో టిక్కీలో తల దూర్చి ఉన్న సంజీవరావుకు ఆ గోల చెవికెక్కలేదు. తల పైకెత్తేసరికి కోటి ఆనందం పట్టలేక, తువ్వాలు కింద దుర్గాప్రసాద్‌తో చెయ్యి కలిపేశాడు. చెయ్యి కలిశాక బేరం వెనక్కి పోదు.

రహస్యమేమిటో చూద్దామని దుర్గాప్రసాద్ కూడా ఒక టిక్కీలో చెయ్యి పెట్టాడు. మూడు చుట్లూ బయటికొచ్చాయి. సంజీవరావు తలదించుకుని ఉన్నదంతా చెప్పేసి, "అవి ఇచ్చెయ్ బాబూ" అన్నాడు.

దుర్గాప్రసాద్ నవ్వలేదు. "అంబాసిడర్ క్యామ్ బేరింగులా? మా తాతగారి బండి కోసం ఐదేళ్లుగా వెతుకుతున్నానండి. టిక్కీలో ఏముంటే అది కొన్నవాడిదేగా?"

అవునన్నారు అందరూ. సంజీవరావు కూడా ముప్పై ఏళ్లుగా ఆ మాటే చెబుతున్నాడు.

పదకొండింటికి, పదింటి నుంచి కాచుకుని ఉన్న మీరా హుస్సేనే వాటిని దుర్గాప్రసాద్ ఇంజన్లో ఒక్కొక్కటే దించాడు. బేరింగు నూనె రంధ్రం ఇంజన్ రంధ్రంతో సరిగ్గా కలిసినప్పుడు, పక్కన టార్చి పట్టుకున్న సంజీవరావుకు, పరాయి బండే అయినా, ఒళ్లు పులకరించింది. అంతలో ఫోన్ మోగింది.

"ఏమండీ, బేరింగులు బిగించారా?"

"బ్రహ్మాండంగా బిగించాం."

"అయితే పాత ఇనపసామాన్ల వాణ్ణి రావద్దంటాను."

ఎవరి ఇంజన్లో అని ఆవిడ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు సంజీవరావుకు పెళ్లయిన కొత్తలోనే పోయింది.